ముందు మంత్రిగారి పేరు

"ఈ ప్రభుత్వంలో ఇకమీదట కంటికి కనిపించని కంప్యూటరు ఒక్కటి కూడా ఉండదు" అని ఆరోగ్య, కంప్యూటర్ల శాఖ మంత్రిగారు ప్రకటించినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన వెనక గోడకు కట్టిన బ్యానరు నాదే. పన్నెండడుగుల పొడవు, ఒక్క ముడత లేదు. మర్నాడు పేపర్లో మీరూ చూసే ఉంటారు. ప్రకటన ఎంత గొప్పదో పెద్దవాళ్ళు చెప్పాలి, బ్యానరు మాత్రం బాగా కుదిరింది.

పెద్దాసుపత్రి ఎదురుగా స్టిక్కర్లు, బోర్డులు, బ్యానర్లు వేసే కొట్టు నాది. నేను ఏ పార్టీవాణ్ణీ కాను. ఎవరి ఫొటో ఇస్తే వాళ్ళ ఫొటో వేస్తాను, మొహం మీద మచ్చలుంటే ఉచితంగా తీసేస్తాను. ఈ మధ్య కొందరు పనీపాటా లేనివాళ్ళు మంత్రిగారి గురించి నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నారు. అది వినలేక, కళ్ళారా చూసినవాడిగా, జరిగింది జరిగినట్టు పాఠకులకు విన్నవించుకుంటున్నాను.

అసలు ఇదంతా మంత్రిగారి సూక్ష్మదృష్టి వల్లే మొదలైంది. ఒకరోజు పొద్దున్నే ఆయన పెద్దాసుపత్రి కంప్యూటర్ గది తనిఖీకి వచ్చారు. కాగితాల మీద ఆ గదిలో నలభై కంప్యూటర్లున్నాయి. లోపలికెళ్ళి చూస్తే నడుమెత్తున ఒకే ఒక్క ఇనప పెట్టె, గుయ్యిమంటూ ఉంది. మిగతా ముప్పై తొమ్మిదీ ఏవని అడిగారు. ఆ గది చూసుకునే ఇంజినీరమ్మాయి, పాపం నెమ్మదిగా మాట్లాడే మనిషి, నలభయ్యీ ఈ పెట్టెలోపలే ఉన్నాయని చెప్పింది. ఒకప్పుడు నలభై పెట్టెలూ విడివిడిగా ఉండేవట. స్థలం చాలక, కరెంటు చాలక, ఒక్కో పెట్టెలో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా ఒక్కో ఫైలు చేసి ఇందులో పెట్టారట. ప్రతి ఫైలూ తానొక కంప్యూటర్ననుకుని తన పని తాను చేసుకుపోతుందట. వాటిని వర్చువల్ మెషీన్లంటారట.

మంత్రిగారు పెట్టె మూత తీయించి, టార్చిలైటు వేసి, లోపలికి తొంగిచూశారు. రెండు ఫ్యాన్లు తిరుగుతూ కనిపించాయి.

"కనిపించనిదాన్ని ఉందని నేనెలా సంతకం పెట్టను?" అన్నారు.

అంత సూటి ప్రశ్నకు ఇంజినీరమ్మాయి ఏదో చెప్పబోయింది గాని, ప్రోటోకాల్ ఆఫీసరుగారు ఆమె వంక ఒక చూపు చూశారు. ఆయన సంగతి మీకు తెలియాలి. మంత్రిగారి పక్క కుర్చీలో ఎవరు కూర్చోవాలి, ఎవరు ఎన్నడుగులు వెనక నడవాలి, ఎవరి పేరు ఎంత లావున రాయాలి, అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. నా బ్యానర్లు కూడా ఆయన స్కేలు పెట్టి కొలిచాకే గోడెక్కుతాయి. మనిషి మంచివాడే, చనువు మాత్రం సహించడు.

అలా పుట్టింది భౌతికీకరణ మహోద్యమం. పెట్టెలో దాక్కున్న ఒక్కో వర్చువల్ మెషీన్నూ బయటికి లాగి, చేత్తో తాకి చూడగలిగే ఒక్కో డిస్కు మీదికి ఎక్కిస్తారు. నలభై మెషీన్లు, నలభై డిస్కులు, నలభై ప్రారంభోత్సవాలు. నా కొట్టుకు నలభై బ్యానర్లు. మొట్టమొదట ఏది ఎక్కించాలని అడిగితే మంత్రిగారు కాసేపు ఆలోచించి, చూపుతో మొదలుపెడదామన్నారు. అంటే కంటి ఆపరేషన్ల కోసం ఎదురుచూసేవాళ్ళ జాబితా ఉన్న మెషీను. దానికి ఇంజినీరమ్మాయి పెట్టుకున్న పేరు వరుస-7. అందులో నాలుగు వేల మూడు వందల పన్నెండు మంది ఉన్నారు.

అందులో తొమ్మిదో మనిషి మా అక్క.

మా అక్క షర్టులకు కాజాలు కుట్టి నన్ను చదివించింది. చదువు అబ్బకపోతే తిట్టి, అదే కాజాల మీద ఈ కొట్టు పెట్టించింది. కొట్టు తెరిచేనాటికే ఆమె రెండు కళ్ళ మీదా పొర కమ్ముతోంది. ఆ పొర తీసే ఆపరేషన్ బుధవారం బుధవారం, వారానికి పదిమందికి చేస్తారు. పేరు రాయించిననాడు ఆమె నంబరు రెండు వేల ఐదు వందల తొమ్మిది. ప్రతి బుధవారం సాయంత్రం నేను ఆసుపత్రి గోడ మీది తెరలో చూసొచ్చి ఆమెకు కొత్త నంబరు చెప్పేవాణ్ణి. ఐదేళ్ళు చెప్పాను. ఇప్పుడామెకు వెలుతురు ఎటుందో తప్ప ఇంకేమీ తెలియడం లేదు. నోరు మాత్రం ఇసుమంత కూడా మందగించలేదు. వచ్చే బుధవారం మన వంతేనని నేను చెప్పగానే, "కట్టు విప్పగానే నీ మొహం ఎదురుగా పెట్టకురా, జడుసుకుంటాను. నీ బోర్డు ఏదైనా చూపించు, ఇన్నాళ్ళూ ఏం గిలుకుతున్నావో చూస్తాను" అంది.

ప్రారంభోత్సవం ఆ బుధవారానికి రెండు రోజుల ముందు, సోమవారం. దానికి ముందు వ్యవస్థలో ప్రక్షాళన జరిగింది. ప్రోటోకాల్ ఆఫీసరుగారు స్వయంగా తిరిగి చూస్తే, వరుస-7 జాబితా ఒకే రకంగా మూడు చోట్ల దొరికింది. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని దాచామని ఇంజినీరమ్మాయి చెప్పుకుంది. పాడవుతుందని ముందే నిర్ణయించుకున్నారన్నమాట అన్నారు మంత్రిగారు. ఆ సాయంత్రానికే రెండు నకళ్ళూ చెరిపేశారు. మర్నాడు పేపర్లలో "ఎనిమిది వేల ఆరు వందల ఇరవై నాలుగు మంది బోగస్ రోగుల ఏరివేత" అని వచ్చింది. ఆ అంకె బ్యానరు మీద ఒకే లైన్లో పట్టించడానికి నేను పడ్డ తిప్పలు నాకే తెలుసు.

తరువాత డిస్కు వచ్చింది. తీరా చూస్తే సబ్బుపెట్టెంత ఉంది. దాని మీద మంత్రిగారి ఫొటో స్టిక్కరు వేయబోతే మీసం వరకే పట్టింది. పెద్ద డిస్కు తెప్పించమంటే, ఇప్పుడన్నీ ఇంకా చిన్నవే వస్తున్నాయని ఇంజినీరమ్మాయి అంది. దేశం ముందుకు పోతున్న లక్షణం కాదిది అన్నారు మంత్రిగారు. చివరికి ఆరడుగుల స్టీలు బీరువా తెప్పించి, మధ్య అరలో రెండు స్క్రూలతో డిస్కును బిగించి, రెండు తలుపుల మీదా మంత్రిగారిని నిలువెత్తున అంటించాను. తలుపులు తెరిస్తే ఆయన రెండుగా విడిపోయి మధ్యలో డిస్కు కనిపిస్తుంది. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు.

నా నోరు ఊరుకోదు కదా. "సార్, బయట మంత్రిగారు ఉన్నారు సరే. కంప్యూటర్లో మాత్రం ఈ డిస్కు పేరు ఇంకా డి-2 అనే ఉంది" అన్నాను ప్రోటోకాల్ ఆఫీసరుగారితో. ఆయన ఉలిక్కిపడ్డారు. ఇన్నేళ్ళలో మొదటిసారి నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. పది నిమిషాల్లో ఆ డిస్కుకు కంప్యూటర్ లోపల కూడా మంత్రిగారి పేరు, బిరుదులతో సహా పెట్టించారు. ఆ సలహా నాదేనని సభలో చెబుతామన్నారు. చెప్పలేదు, నేనూ పట్టించుకోలేదు.

సోమవారం సభ ఘనంగా జరిగింది. ఆసుపత్రి హాల్లో గోడంత తెర కట్టి, కంప్యూటర్లో కనిపించేదంతా దాని మీద పడేలా చేశారు. కాపీ తీసేటప్పుడు మెషీను నడవకూడదు కాబట్టి వరుస-7ను పొద్దున్నే ఆపేశారు. ఇంజినీరమ్మాయి ఒక ఆజ్ఞ టైపు చేసి పెట్టింది. చాలా పొట్టి ఆజ్ఞ. కాపీ అనే మాట, దాని పక్కన వరుస-7, దాని పక్కన మంత్రిగారి పేరు. మంత్రిగారు వచ్చి మీట నొక్కితే చాలు.

ప్రోటోకాల్ ఆఫీసరుగారు తెర వంక చూసి, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"ఈ వరుస-7 ఎవరు?"

"జాబితా సార్. నాలుగు వేల మంది పేర్లున్నాయి అందులో."

"వాళ్ళ పేర్లు మంత్రిగారి పేరుకంటే ముందా?"

"ముందున్నదాంట్లోంచి తీసి వెనకదాంట్లో పెడుతుంది సార్. తిప్పి రాస్తే మంత్రిగారి డిస్కు జాబితా మీద పడుతుంది. ఆయన డిస్కులో ఏమీ లేదు సార్, ఖాళీ."

"మంత్రిగారిలో ఏమీ లేదని నా ముందు అన్నావు, సరిపోయింది. ఇంకెవరి ముందూ అనకు" అన్నారాయన. "ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నాది. శిలాఫలకం కానీ, శుభలేఖ కానీ, మంత్రిగారి పేరు రెండోది అయిన సందర్భం ఒక్కటి లేదు. ఇవాళ గోడంత తెర మీద, పేపరువాళ్ళ ముందు అవుతుందా?"

ఆమెను పక్కకు జరిపి, ఆయనే కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ పేర్లు రెండూ తారుమారు చేశారు. ముందు మంత్రిగారు, వెనక వరుస-7. ఇప్పుడు చూడ్డానికి నిండుగా ఉందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది. బోర్డులు రాసేవాడి కన్ను కదా.

మంత్రిగారు వచ్చి, రిబ్బను కత్తిరించి, మీట నొక్కారు. తెర మీద ఆకుపచ్చ గీత పాకడం మొదలైంది. అది పాకినంతసేపూ ఆయన ప్రసంగించారు. ఉండీ లేనట్టుండే ప్రభుత్వాలను చూశాం, మాది చేత్తో తడిమి చూసుకోగలిగిన ప్రభుత్వం అన్నారు. సరిగ్గా పదకొండు నిమిషాలకు వంద శాతం విజయవంతం అని పడింది. చప్పట్లు మోగాయి. తరువాత ఇంజినీరమ్మాయి వరుస-7ను తిరిగి నడపబోయింది. అది నడవలేదు. తెర పైన మూలలో, ఎదురుచూసేవారి సంఖ్య చూపించే చోట, సున్నా అని మాత్రం వచ్చింది.

"సున్నా ఏంటి?" అని అడిగారు మంత్రిగారు.

"ఎదురుచూసేవాళ్ళ సంఖ్య సార్" అన్నారు ప్రోటోకాల్ ఆఫీసరుగారు.

"నిన్నెంత?"

"నాలుగు వేల మూడు వందల పన్నెండు."

మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏ ప్రభుత్వమూ కదిలించలేని వరుస ఒక్క మీటతో ఖాళీ అయిందని, వేచి ఉండే రోగి అంటూ లేని మొట్టమొదటి ఆసుపత్రి ఇదేనని అక్కడికక్కడే ప్రకటించారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మధ్యలో అక్క నంబరు గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. పక్కనున్నాయన నా వంక చూశాడు. మళ్ళీ కొట్టాను.

ఆ సాయంత్రం ఇంట్లో అక్క ఎప్పట్లాగే ఎంతలో ఉన్నామని అడిగింది. తొమ్మిదేనన్నాను. ఎల్లుండే కదా అని ఆమె ఉతికిన చీర మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది. నాకు అన్నం సయించలేదు.

మంగళవారం పొద్దున్నే ప్రోటోకాల్ ఆఫీసరుగారు నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి ఇంజినీరమ్మాయి ఆయన బల్ల ముందు నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగులోంచి అగ్గిపెట్టెంత డిస్కు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ప్రక్షాళనకు ముందురోజు, భయపడి, ఎవరికీ చెప్పకుండా జాబితా నకలు ఒకటి తీసి దాచుకుందట. నా ప్రాణం లేచొచ్చింది. ఈ అమ్మాయికి జీవితాంతం ఉచితంగా బోర్డులు వేసి పెట్టాలనుకున్నాను.

"అరగంట ఇస్తే చాలు సార్, అంతా తిరిగి వచ్చేస్తుంది" అంది ఆమె. "రేపు పదిమందికి ఆపరేషన్లున్నాయి."

"వచ్చేస్తే ఆ సున్నా ఏమవుతుంది?"

"నాలుగు వేల మూడు వందల పన్నెండు అవుతుంది సార్."

ఆయన జాలిగా చూశారు. "అంటే, నిన్న ఒక్కరు కూడా లేనిచోట ఇవాళ నాలుగు వేల మంది పుడతారు. ఒక్క రాత్రిలో ఇంతమంది కళ్ళు పోగొట్టిన ప్రభుత్వమని రాస్తారమ్మా రేపు. మంత్రిగారు దానికేం చెబుతారు?"

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నకళ్ళు దాచడం ఎంత నేరమో తెలిసీ, ఆమె వయసు చూసి ఊరుకుంటున్నానని, బదిలీతో సరిపెడతానని ఆయన చెప్పారు. ఆ డిస్కును సొరుగులో స్టాప్లరు పక్కన పెట్టి తాళం వేశారు. ఆమె వెళ్ళిపోయింది. నాకు ఆ సొరుగు మూడడుగుల దూరంలో ఉంది. అందులో మా అక్క ఉంది, ఐదేళ్ళ బుధవారాలున్నాయి. సార్, ఒక్క మాట అని నోరు తెరిచాను.

"నువ్వెందుకొచ్చావో చెప్పలేదు కదూ" అంటూ ఆయన ఒక కాగితం నా ముందుకు తోశారు. ఎనిమిదడుగులు, మూడడుగులు, రాత్రిళ్ళు వెలిగే బోర్డు. ఆసుపత్రి గేటు మీదికి. రేపు పొద్దున మంత్రిగారే వచ్చి ఆవిష్కరిస్తారు. ఇది బాగుంటే జిల్లాకొకటి.

తెరిచిన నోరు అలాగే ఉంది. "అక్షరాలు ఏ రంగు సార్?" అన్నాను.

తిట్టుకోండి. నేనూ తిట్టుకున్నాను, ఆ రోజంతా అక్షరాలు కోస్తూనే.

బుధవారం పొద్దున్న బోర్డు బిగించి, పైన గుడ్డ కప్పి దిగేసరికి గేటు ముందు జనం, సున్నా సంగతి పేపర్ల ద్వారా తెలిసి జాబితాలోవాళ్ళంతా వచ్చేశారు. లోపల డాక్టర్లు చేతులు కడుక్కుని కూర్చున్నారు గాని, కంప్యూటర్లో రోగి పేరు లేకుండా లోపలికి పంపకూడదట. కౌంటర్లో అతను మర్యాదగానే చెబుతున్నాడు, ఎదురుచూసేవాళ్ళెవరూ లేరని ఉంది, మీరు నిలబడితే కంప్యూటరు తప్పవుతుందని. కొత్తగా పేరు రాసుకోమంటే, లేని వరుసలో ఎక్కడ రాసుకోమంటారని ఎదురడిగాడు.

అప్పుడు జనమే ఒక పని చేశారు. వారంవారం కనుక్కునే ప్రతివాడికీ తన నంబరు కంఠతా వచ్చు. ఒకటో నంబరు ముసలాయన వెళ్ళి గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. రెండో నంబరావిడ ఆయన భుజం మీద చెయ్యేసింది. అలా ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పిలుచుకుంటూ, సర్దుకుంటూ, వరుస రోడ్డు దాటి, నా కొట్టు దాటి, మలుపు తిరిగి పోయింది. నంబర్లు అరుచుకోవడం మలుపు అవతల నుంచి కూడా వినిపిస్తోంది. ఒక్క పేరు కూడా తప్పిపోకుండా జాబితా మొత్తం కంటికి కనిపించింది. మంత్రిగారు కోరుకున్నది అక్షరాలా అదే.

మా అక్కను ఎవరు తీసుకొచ్చారో తెలియదు, దిండు కింది చీర కట్టుకుని తొమ్మిదో చోట నిలబడి ఉంది. జరిగిందంతా అక్కడివాళ్ళే చెప్పేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంతలో మంత్రిగారి కారు వచ్చింది. ఆయన వరుస ఈ చివరి నుంచి ఆ చివరికి చూసి, ఎవరు వీళ్ళంతా అని అడిగారు. కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చారు సార్ అన్నారు ప్రోటోకాల్ ఆఫీసరుగారు. మంత్రిగారు చలించిపోయారు. ఇంత క్రమశిక్షణ గల ప్రజలను తాను చూడలేదంటూ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చేతులూ పట్టుకుని ఊపుతూ వచ్చారు. ఫొటోలు తీస్తున్నారు. అక్క దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకోగానే ఆమె రెండో చేత్తో కూడా గట్టిగా పట్టుకుంది.

"డాక్టరుగారా? తొమ్మిది నాదేనండీ."

"తొమ్మిదేంటమ్మా, నాకు అందరూ సమానమే" అన్నారు మంత్రిగారు, పదో నంబరు వైపు చెయ్యి చాపుతూ.

పదిమందితో ఆపి, వెనక్కి వచ్చి, తాడు లాగారు. గుడ్డ జారింది. పట్టపగలే అయినా బోర్డు వెలుగుతోంది. మొదటి లైన్లో మంత్రిగారి పేరు, రెండో లైన్లో అసలు విషయం. కింద నిలబడ్డవాళ్ళలో చదవగలిగినవాళ్ళు తక్కువ, అయినా గుడ్డ జారిన చప్పుడుకు అందరూ తలలెత్తారు. కారు వెళ్ళిపోయింది. నేను అక్క పక్కకొచ్చి నిలబడ్డాను.

"ఏదో వెలుగుతోంది పైన. నీ పనేనంటున్నారు" అంది.

"అవునక్కా. అక్షరాలు బాగా కుదిరాయి."

"కుదురుతాయిలే. ఏం రాశావు?"

నేను నిచ్చెన మడుస్తున్నట్టు వంగాను. మూడో నంబరాయనకు ఒక కన్ను ఇంకా కాస్త పనిచేస్తుంది. ఆయన తల వెనక్కి వాల్చి, కూడబలుక్కుంటూ, అందరికీ వినబడేలా చదివాడు.

"ఇక్కడ... ఎవరూ... వేచి లేరు."

అక్క తన ముందున్న ఎనిమిదో నంబరు భుజాన్ని ఒకసారి నొక్కి చూసుకుంది. తరువాత నా వైపు, నేనున్నాననుకున్న వైపు, తిరిగింది.

"మరి నేను పట్టుకున్న ఈ భుజం ఎవరిదిరా?" అంది.